మూడో ప్లగ్గు గుంటలో పసుపు

పామర్రులో బందరు రోడ్డు నుంచి గుడివాడ వైపు తిరగ్గానే ఎడం చేతి పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. అది కార్ల మెకానిక్కు హనోకుది. ముందు బోర్డు ఉంది గానీ దాని మీద అక్షరాలు ఎండకు ఎప్పుడో వెలిసిపోయాయి. మళ్ళీ రాయించమని భార్య గ్రేస్ ఎన్నిసార్లు పోరినా వినలేదు. బోర్డు చూసి వచ్చేవాడు నాకెందుకే, పేరు విని వచ్చేవాడు చాలు అనేవాడు. అంత గీర ఉండేది మనిషికి. ఉండకూడదని ఎవరనగలరు చెప్పండి? ఘంటసాల నుంచి గుడివాడ దాకా పాత కారున్న ఇళ్ళల్లో హనోకు పేరు తెలియని ఇల్లు లేదు. బండి రోడ్డు దిగి షెడ్డు ముందుకొచ్చేలోపే తల పక్కకి వంచి, చప్పుడు విని, జబ్బేమిటో చెప్పేసేవాడు.

ఆ గీరకి దెబ్బ రోడ్డుకి అవతలి పక్క నుంచి తగిలింది. అక్కడ విల్సన్ షాపు పెట్టాడు.

విల్సన్ ఎవరో పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. గ్రేస్‌కి సొంత తమ్ముడు. కోడూరు నుంచి వచ్చి బావ దగ్గరే స్పానరు పట్టడం నేర్చుకున్నాడు. తర్వాత విజయవాడలో పెద్ద వర్క్‌షాపులో చేసి, నలభై దగ్గర పడుతుంటే తిరిగొచ్చి, సరిగ్గా ఎదురుగా షట్టరు ఎత్తాడు. ఊళ్ళో ఇంకెక్కడా చోటే లేనట్టు. ఆ చోటు చూసిపెట్టింది గ్రేసే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా హనోకుకి అన్నం సయించేది కాదు.

షాపు ఎలా ఉంటుందనుకున్నారు? కింద టైల్సు, పైన ఫ్యాను, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి కుర్చీలు, తాగడానికి చల్లటి నీళ్ళు. అవన్నీ పోనీలే అనుకోవచ్చు. స్కానర్ ఒకటి తెచ్చాడు చూడండి, అదీ అసలు మంట. చేతిలో పట్టేంత డబ్బా. స్టీరింగు కింద తీగ గుచ్చితే చాలు, ఇంజన్ తన బాధేమిటో తానే తెర మీద రాసి చూపిస్తుంది. ఇన్నేళ్ళూ బానెట్ల మీద వంగి వంగి, విని విని, చెవులు అరగదీసుకుని నేర్చుకున్న విద్యని వీడు తీగ గుచ్చి చెప్పేస్తున్నాడే అని హనోకు కుళ్ళిపోయాడు. మనుషుల మీద కూడా అంత కుళ్ళుకుని ఎరగడు.

చేతులు ఇక్కడ పని చేస్తుంటే కళ్ళు అక్కడుండేవి. ఏ బండి అటు తిరిగింది, ఎవరిది, ఎంతసేపుంది, వెళ్ళేటప్పుడు ఓనరు నవ్వుతూ వెళ్ళాడా మొహం మాడ్చుకుని వెళ్ళాడా, అన్నీ కనిపెట్టి చూసేవాడు. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు, ఆ డబ్బా పాడైపోతే బాగుండునని అనిపించేది. ప్రార్థనలో అడగకూడదని తెలుసు కాబట్టి అడగలేదు. అనుకోవడం మాత్రం అనుకున్నాడు. దేవుడికి వినపడకుండా ఎలా అనుకుంటావయ్యా?

ఇంత జరిగినా ఒక్కటే ధైర్యం. శేషాచలం మేస్టారి కారు.

మేస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఉండేది ఘంటసాల. జీవితం మొత్తమ్మీద కొన్నది ఒకటే కారు. ఆ కొన్న రోజున పక్కన ఉండి ఇంజన్ విని ఊఁ అన్నది హనోకే. అప్పట్నుంచి పదిహేడేళ్ళుగా ఆ బానెట్టు ఇంకొకడు ఎత్తలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే మేస్టారు పక్కనున్నవాళ్ళకి చూపించి, ఈయన మా కారుకి ఫ్యామిలీ డాక్టరండీ అనేవారు. ఆ మాట కోసం హనోకు ఎంత దూరం పెళ్ళికైనా వెళ్ళేవాడు. ఎన్ని కార్లు అవతలికి పోయినా ఈ కారు తన దగ్గరున్నంతవరకూ తను హనోకే. అది పోయిందా, ఇక బోర్డు మీదే కాదు, ఊళ్ళోనూ పేరు వెలిసిపోయినట్టే అని ఆయన లెక్క.

ఒకరోజు స్పేర్ పార్టుల కోసం గుడివాడ వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి, ఆ తెల్ల కారు విల్సన్ షాపులో బానెట్టెత్తి ఉంది. మేస్టారు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని చల్లటి నీళ్ళు తాగుతున్నారు.

హనోకు బస్సు దిగినవాడు దిగినట్టే నిలబడిపోయాడు. వెళ్ళి పలకరించాలా, చూడనట్టు షెడ్డులోకి పోవాలా తేలలేదు. చివరికి చూడనట్టే పోయాడు. పోయి, తలుపు సందులోంచి కారు వెళ్ళిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు.

ఏం జరిగిందో సాయంత్రం గ్రేస్ చెప్పింది. మేస్టారి బండి మిస్సింగ్ కొడుతోంది. ఎక్కడా ఊపందుకోవట్లేదు, కుదుపులు. మీ షెడ్డు మూసి ఉండటంతో తమ్ముడి దగ్గరికెళ్ళారు. డబ్బా పెడితే మూడో సిలిండర్ అని చూపించిందట. కొత్త ఇగ్నిషన్ కాయిల్ వేశాడట.

సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. పెట్రోలు అంటుకోవడానికి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. ఆ రవ్వకి బలమిచ్చేది కాయిల్. ఈ కారులో సిలిండర్‌కొక కాయిల్, ప్లగ్గు గుంటలోకి నిలువుగా దిగి కూర్చుంటుంది. నాలుగింటిలో ఒకదానికి రవ్వ అందలేదో, ఇంజన్ కాలు విరిగిన గేదెలా మూడు కాళ్ళ మీద కుంటుతుంది. దాన్నే మిస్సింగ్ అంటారు.

"కాయిల్ మార్చగానే బాగైపోయిందంట," అంది గ్రేస్.

"బాగైపోతుంది మరి. డబ్బా చెప్పిందిగా," అన్నాడు హనోకు. అని కంచం పక్కకి తోసేశాడు.

కానీ వారం తిరక్కముందే ఆ కారు మళ్ళీ విల్సన్ షాపు ముందుకి కుంటుకుంటూ వచ్చింది. ఆ చప్పుడు హనోకు చెవులకి నాదస్వరంలా ఉంది. ఆ రోజు గ్రేస్ అడగకుండానే రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. విల్సన్ చేతిలో బాగవుతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ బాగవుతుంది. మూడోసారి వచ్చినప్పుడు విల్సన్ చాలాసేపు బానెట్టు కింద ఉండి, చేతులు తుడుచుకుని, మేస్టారికి ఇటువైపు వేలు చూపించాడు. కారు రోడ్డు దాటి రేకుల షెడ్డు ముందుకొచ్చి ఆగింది.

హనోకు లేవలేదు. టీ గ్లాసు ఖాళీ అయినా ఇంకా ఉన్నట్టే పట్టుకుని కూర్చున్నాడు. అంత తేలిగ్గా లేస్తే ఎలా?

"ఏమయ్యా హనోకూ, కోపమా?" అన్నారు మేస్టారు కారు దిగుతూ.

"అబ్బే, కోపమెందుకండీ. ఫ్యాను కింద కూర్చోబెట్టే స్తోమత మనకి లేదు గానీ, రండి."

మేస్టారు నవ్వి జరిగింది చెప్పారు. విల్సన్ కాయిల్సు అటూ ఇటూ మార్చి కూడా చూశాడట. మూడోదాని కాయిల్ తీసి ఒకటోదాంట్లో పెట్టినా జబ్బు దానితో పోలేదట, మూడోదే కుంటుతోందట. ఈ ముక్క వినగానే హనోకుకి సగం అర్థమైపోయింది. కాయిల్ మారినా జబ్బు అక్కడే ఉందంటే, అది కాయిల్ జబ్బు కాదు, కాయిల్ కూర్చునే చోటి జబ్బు.

ఇంజన్ స్టార్ట్ చేయించి ఒక్కొక్క కాయిల్ సాకెట్టూ పీకి చూశాడు. ఒకటోది పీకితే ఇంజన్ ఇంకాస్త కుంటింది. రెండోది, నాలుగోది పీకినా అంతే. మూడోది పీకితే ఏ మార్పూ లేదు. అది ముందే చచ్చి ఉంది. డబ్బా అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి మాత్రం ఆయనకి నచ్చలేదు.

ఇంజన్ ఆపి, కాయిల్ పైకి లాగి, కళ్ళజోడు పెట్టుకుని టార్చి వేశాడు. గుంట అడుగున నీళ్ళున్నాయి. ఒక చెంచాడు. పచ్చగా మెరుస్తున్నాయి. గుంట గోడకి వరసలు వరసలుగా పసుపు మరకలు, చెరువులో నీళ్ళు తగ్గుతున్నప్పుడు గట్టు మీద పడే గీతల్లాగా. కాయిల్ రబ్బరు మీద సన్నటి నల్లగీత. రవ్వ ప్లగ్గు దాకా పోకుండా తడిలోంచి పక్కకి దూకేసిన గుర్తు అది. పైన మూత దగ్గర రబ్బరు వాషరు ఎండి పగిలిపోయి ఉంది. విల్సన్ కొత్త కాయిల్ వేశాడు గానీ ఆ పాత వాషరే ఉంచేశాడు.

"అమ్మగారు బాగున్నారాండీ?" అని అడిగాడు మేస్టారి భార్య గురించి, మామూలుగా అడిగినట్టు.

"బాగానే ఉంది. ఈ కారు బెంగే దానికి. కొన్నప్పట్నుంచీ ప్రతి శుక్రవారం దీనికి పూజ చేస్తుంది, నీకు తెలుసుగా. అందరూ బానెట్టుకి బొట్టు పెడితే ఇది బానెట్టు ఎత్తించి ఇంజన్‌కే పసుపు నీళ్ళు పోస్తుంది. ప్రాణం ఉండేది అక్కడ కదా అంటుంది. ఇప్పుడు బాగోట్లేదని రోజూ పోస్తోంది."

ఇంకేముంది? చెయ్యి ముంజేతిదాకా పెట్టి జబ్బుని పట్టుకున్నట్టే. వాషరు గట్టిగా ఉన్నన్నాళ్ళూ ఏమీ కాలేదు, అది పగిలాక పూజ నీళ్ళు గుంటలోకి దిగుతున్నాయి. అవి ఆరితే బండి బాగవుతోంది, మళ్ళీ పోస్తే కుంటుతోంది. బాగోలేదని ఆవిడ ఎక్కువ పోస్తోంది. ఎక్కువ పోసేకొద్దీ బాగోట్లేదు. హనోకుకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో మనసు తేలికైంది. చెప్పేద్దామని నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే మేస్టారు అన్నారు. "విల్సన్ బంగారం లాంటి మనిషయ్యా. నా వల్ల కావట్లేదండీ, మా బావ దగ్గరికి తీసుకెళ్ళండి అని తనే చెప్పాడు. అలా ఒప్పుకోవడానికి ఎంత మనసుండాలి. నేను ముందే వాడి దగ్గరికి వెళ్ళాల్సింది ఏమో అనిపించింది."

హనోకు నోరు మూతపడింది.

బంగారమా? కారు బాగుచేసేది నేను, బంగారం వాడా? జబ్బు నేను పట్టుకున్నాక కూడా మేస్టారు ఇంటికెళ్ళి అమ్మగారితో చెప్పేది వాడి మంచితనం గురించేగా? తల ఎత్తి చూస్తే రోడ్డు అవతల విల్సన్ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఒళ్ళంతా భగ్గుమంది. గుంటలో నీళ్ళు తుడవాల్సిన గుడ్డ భుజం మీదే ఉంది. తీయలేదు. కాయిల్‌ని ఆ తడిలోకే మళ్ళీ దించి, బోల్టు బిగించేశాడు.

"నాకూ అంతు పట్టట్లేదండీ మేస్టారూ. కొత్త పార్టు వేసింది వాడే కదా. వాడికే చూపించండి."

మేస్టారి మొహం చిన్నబోయింది. "నీక్కూడానా, హనోకూ?" అన్నారు. కారు కూచిపూడి వైపు కుంటుకుంటూ వెళ్ళిపోయింది. ఆ చప్పుడు మలుపు దాటేదాకా వినిపించింది. విల్సన్ ఇంకో రెండు పార్టులు అనవసరంగా మారుస్తాడు, మేస్టారు వాణ్ణి నాలుగు తిడతారు, అప్పుడు చెబుదాంలే అనుకున్నాడు హనోకు. అనుకున్నాడు గానీ, ఈసారి ఆ చప్పుడు నాదస్వరంలా లేదు.

ఇంటికెళ్ళేసరికి గ్రేస్ గుమ్మంలోనే ఉంది. ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఆ పూట మిషను మూసేసి, బొమ్మిడాయల పులుసు పెట్టి, మొహం కడుక్కుని కూర్చుంది. ఏదో పండగలాగా.

"మేస్టారి బండి మీ దగ్గరికొచ్చిందంటగా. ఏమైంది?"

"ఏం కాలేదు. నాకూ తెలియలేదు."

గ్రేస్ నవ్వు ఆగిపోయింది. "తెలియకపోవడమేంటి? ఆ మూడో గుంటలోకి చూశారా?"

"నీకేం తెలుసే గుంటల సంగతి?"

"ఏదో, మీరు చెబుతుంటే విన్నదేగా. చూశారా?"

"చూశాను. ఏమీ లేదందులో."

ఆవిడ ఆయన కళ్ళలోకి అదోలా చూసింది. కోపంగా కాదు. పులుసు వడ్డించి, కాసేపాగి సూదీ దారం తెచ్చి ముందు పెట్టింది. "జోడు పెట్టుకుని ఇది కాస్త ఎక్కించండి," అంది.

"నీ సూది నువ్వే ఎక్కించుకో," అని హనోకు విసుక్కున్నాడు. ఆవిడ సూది తీసుకుని లోపలికెళ్ళిపోయింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడైతే వినపడింది గానీ, ఎందుకో ఆయనకి అర్థం కాలేదు.

ఆ వారంలోనే ఒక ఉదయం తెల్ల కారు మళ్ళీ వచ్చింది. హనోకుకి తల పక్కకి వంచకుండానే తెలిసిపోయింది. నాలుగు సిలిండర్లూ వరసగా, ఎక్కడా తొట్రుపడకుండా కొడుతున్నాయి. మేస్టారు చేతిలో సగం చక్రకేళి అరటి గెల పట్టుకుని దిగారు. ముందు సీట్లో ఆయన భార్య భ్రమరాంబ గారు కూర్చున్నారు.

"ఏమయ్యా, కనిపెట్టినవాడివి నాకు చెప్పకుండా విల్సన్‌కి చెబుతావా?" అన్నారు మేస్టారు. "అమ్మగారి పూజని తప్పు పట్టడం ఇష్టం లేక నా ముందు నోరు విప్పలేదంటగా. వాడే చెప్పాడు. పసుపు నీళ్ళు దిగుతున్నాయి, ఇది మా బావ పట్టుకున్నదేనండీ అని, తుడిచి, కొత్త వాషరు వేసి పంపించాడు."

"మొహమాటపడకుండా నాకు చెప్పాల్సింది నాయనా," అన్నారు భ్రమరాంబ గారు కిటికీలోంచి. "బాగోలేదనేగా నేను రోజూ పోసింది. ఇకనుంచి ఇంజన్‌కి దూరం నుంచే దణ్ణం పెడతాను. స్టీరింగుకి బొట్టు పెట్టొచ్చా?"

"పెట్టండమ్మా, పెట్టండి," అన్నాడు హనోకు. ఫ్యామిలీ డాక్టరు ఫ్యామిలీ డాక్టరే అని మేస్టారు భుజం తట్టి వెళ్ళారు. ఎన్నేళ్ళుగా ప్రాణం పెట్టుకున్న మాట అది. చెవిలో సీసం పోసినట్టుంది.

గెల బల్ల మీద పడేసి, రోడ్డు దాటి నేరుగా విల్సన్ షాపులోకి వెళ్ళాడు. ఆ షాపులో అడుగు పెట్టడం అదే మొదలు.

"ఏరా, నన్ను ఎగతాళి చేస్తున్నావా?"

విల్సన్ చేతిలో పని వదిలేసి కుర్చీ లాగాడు. "కూర్చో బావా. కోప్పడకు. నీతో ఒక మాట చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక రెండ్రోజుల్నుంచి చూస్తున్నాను."

"ఏంట్రా అది?"

"మూడోసారి మేస్టారు వచ్చినప్పుడు నేను గుంటలోకి చూశాను. పసుపు నీళ్ళు కనపడ్డాయి. చూసే నీ దగ్గరికి పంపించాను."

"చూసి పంపించావా? ఎందుకూ?"

"ఆయన నీ మనిషి బావా. నువ్వు లేని పూట వచ్చారు కదా అని చెయ్యి పెట్టాను. ఆ రోజు నుంచి నువ్వు నా మొహం సరిగ్గా చూడట్లేదు. నువ్వు బానెట్టెత్తితే నిమిషంలో పట్టేస్తావు, మేస్టారు ఎప్పట్లా నిన్నే మెచ్చుకుంటారు అనుకున్నాను. అక్కకి ఫోన్ చేసి చెప్పాను కూడా, బావకి చెప్పకు, ఇంటికి సంతోషంగా వస్తాడు అని." విల్సన్ గొంతు తగ్గించాడు. "కానీ నువ్వు చూశాను, ఏమీ లేదన్నావంట. అంత పచ్చగా ఉంటే కనపడలేదంటే... అక్క ఆ రాత్రి ఏడ్చింది బావా. కళ్ళు పాడవడంలో సిగ్గేముంది? బందర్లో మంచి కంటి డాక్టరున్నారు. రేపు పొద్దున్నే నేను తీసుకెళ్తాను."

హనోకుకి పులుసూ, సూదీ, గ్రేస్ చూపూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇద్దరూ కలిసి తనని చూసి జాలిపడుతున్నారు. ఒక్క మాటతో ఆ జాలి పోగొట్టొచ్చు. కనపడిందిరా, నీ పేరు చెడాలని కావాలనే చెప్పలేదు అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూర్చుంది. వీడి ముందు ఇంత నీచుణ్ణని ఒప్పుకోవడం కంటే గుడ్డివాణ్ణనిపించుకోవడమే మేలనిపించింది.

"సరే, వెళ్దాం," అన్నాడు.

మర్నాడు విల్సన్ కారులో బందరు బయల్దేరారు. ఆ కారూ పాతదే. ఇంజన్ మాత్రం పాలు కాగుతున్నంత మెత్తగా ఉంది. తప్పు పడదామని నిడుమోలు దాటేదాకా చెవి పెట్టి విన్నాడు. ఒక్కటీ దొరకలేదు. దానికీ కుళ్ళుకున్నాడు.

ఆస్పత్రి దగ్గర విల్సన్ చెయ్యి పట్టుకుని, "మెట్టుంది బావా, చూసుకో," అన్నాడు. మెట్టు హనోకుకి రోడ్డు మీద నుంచే కనపడింది. అయినా చెయ్యి విడిపించుకోలేదు.

చూపు పరీక్ష చేసే అమ్మాయి కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురు గోడ మీద తెలుగు అక్షరాల పలక చూపించింది. పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. విల్సన్ తలుపు పక్కన నిలబడ్డాడు.

హనోకుకి అన్ని వరసలూ కనపడుతున్నాయి. మూడో వరసలో తడబడితే చాలు, నాలుగోదాంట్లో లేదండీ అంటే చాలు. అప్పుడు కళ్ళజోడు మారుస్తారు, గ్రేస్ నమ్ముతుంది, వీడు నమ్ముతాడు, పసుపు సంగతి ఎప్పటికీ బయటపడదు. కానీ హనోకుకి చూపు ఆనట్లేదంట అన్న మాట రేపటికల్లా గుడివాడ దాకా పాకుతుంది. ఉన్న నాలుగు బళ్ళూ రోడ్డు దాటేస్తాయి. చదివితేనో, వీడికి అంతా తెలిసిపోతుంది.

వీడు ఏం చేస్తున్నాడో అని పక్కకి చూశాడు. విల్సన్ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థన చేస్తున్నాడు. బావ కళ్ళు బాగుండాలని.

ఆ డబ్బా పాడైపోవాలని తను మోకాళ్ళ మీద అనుకున్నది గుర్తొచ్చింది హనోకుకి. మొహం వేడెక్కిపోయింది. గోడ వైపు తిరిగి, మొదటి అక్షరం నుంచి బళ్ళో పిల్లాడిలా గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ఎక్కడా ఆగలేదు. చివరి వరస అయిపోయాక, పలక అడుగున అంచు మీద ఉన్న ప్రింటు చేసినవాళ్ళ పేరు కూడా చదివాడు. చేతికిచ్చిన చిన్న కార్డు జేబులోని జోడు పెట్టుకుని గడగడా చదివేశాడు.

"మీకు చూపు భేషుగ్గా ఉందండీ. ఎందుకొచ్చారు అసలు?" అంది ఆ అమ్మాయి.

హనోకు తలుపు వైపు చూస్తే విల్సన్ కళ్ళు తెరిచే ఉన్నాడు. బావ వైపు కాసేపు చూసి తల దించుకున్నాడు. అర్థమైపోయిందని తెలుస్తూనే ఉంది.

తిరుగు దారిలో వాడు ఏమీ అడగలేదు. తిట్టలేదు. ఎందుకిలా చేశావు బావా అని ఒక్క మాట అన్నా హనోకు కూడా ఏదో ఒకటి అరిచి బరువు దించుకునేవాడు. గూడూరు దగ్గర, "టీ తాగుదామా బావా," అన్నాడు. అంతే. ఆ టీ చేదుగా ఉంది.

ఇంట్లో గ్రేస్ వంట ముగించి ఎదురుచూస్తోంది. కోడూరు నుంచి తమ్ముడు తెప్పించిన పండుగప్ప చేప వేయించింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఏమన్నారు?" అంది.

"పెద్దగా ఏం లేదక్కా," అన్నాడు విల్సన్ చెప్పులు విప్పుతూ. "కొంచెం మసక ఉందంట. చుక్కల మందు వేస్తే పోతుందన్నారు. బెంగపడకు."

హనోకు గుమ్మంలో ఆగిపోయాడు. మళ్ళీనా? ఇంత తెలిశాక కూడా వీడు అక్క ముందు నన్ను కాపాడతాడా? పనిలో వీడే ముందు, పేరులో వీడే ముందు, ఇప్పుడు మంచితనంలో కూడా వీడే ముందా? ఇది మాత్రం వాడికి వదిలేయలేకపోయాడు.

"మసకా లేదు, చుక్కలూ లేవు," అన్నాడు హనోకు. "వీడు అబద్ధం చెబుతున్నాడు గ్రేస్. నాకు ఆ రోజే కనపడింది. పచ్చగా, శుభ్రంగా కనపడింది. వీడి పేరు చెడిపోవాలని చెప్పలేదు. కడుపుమంట నాది. మేస్టారికి కూడా రేపు నేనే వెళ్ళి చెబుతాను."

గ్రేస్ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అది ఏడుపో, కళ్ళు బాగున్నాయన్న సంతోషమో ఆవిడకే తెలియాలి. రెండు కంచాలు తెచ్చి పక్కపక్కన వేసి, "ఇద్దరూ కూర్చోండి," అంది.

విల్సన్ జరిగి బావకి చోటిచ్చాడు. గ్రేస్ చేప వడ్డించింది. పెద్ద ముక్క తమ్ముడి కంచంలో పడింది. హనోకు చూశాడు. కళ్ళజోడు పెట్టుకోకుండానే చూశాడు.